మన వాళ్లను పనిలోకి తీసుకునేటప్పుడు: బంధుప్రీతి మేలు చేసే పద్ధతి

దుకాణమో, మిల్లో, చిన్న కార్ఖానాయో నడుపుతున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక వేసవిలో ఊరి నుంచి కబురు వస్తుంది. అక్క కొడుకు ఇంటర్ తప్పాడనో, తోడల్లుడి తమ్ముడు డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నాడనో, వేలు విడిచిన మేనమామ మనవడికి కాస్త దారి చూపించమనో ఆ కబురు సారాంశం. కాదనడానికి మొహమాటం, ఔననడానికి భయం. చాలామంది కొన్నాళ్లు ఊగిసలాడి, చివరికి ఏ ఏర్పాటూ లేకుండానే కుర్రవాడిని రమ్మంటారు. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారుల లెక్కలు ముప్పై ఏళ్లకు పైగా రాసినవాడిగా నేను చెప్పగలిగినది ఏమిటంటే, బంధువును పనిలో పెట్టుకోవడం తప్పు కాదు. పద్ధతిగా చేస్తే దానివల్ల ఇంటికీ, వ్యాపారానికీ, వచ్చిన మనిషికీ, కొంతవరకు సమాజానికీ మేలు జరుగుతుంది. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం, తీసుకున్న తరువాత ఆ మనిషిని బంధువుగా మాత్రమే చూసి, పనివాడిగా చూడకపోవడం వల్ల వచ్చినవే.

ఈ విషయానికి తెలుగులో రెండు మాటలు ఉన్నాయి: బంధుప్రీతి, ఆశ్రిత పక్షపాతం. పత్రికలు రెండింటినీ ఒకే అర్థంలో వాడుతున్నా, ఆ మాటల్లోనే తేడా కనిపిస్తుంది. మన వాళ్ల మీద ప్రీతి ఉండడం సహజం. పక్షపాతం చూపినప్పుడు మాత్రం మరొకరికి రావలసినది పోతుంది. ఇంగ్లీషులోని నెపోటిజం అనే మాట మనవడినీ మేనల్లుడినీ సూచించే లాటిన్ పదం నుంచి వచ్చింది. రోమన్ కేథలిక్ చర్చికి అధిపతులైన పోపుల్లో కొందరు తమ మేనల్లుళ్లను కార్డినల్ అనే ఉన్నత పదవుల్లో కూర్చోబెట్టి, చర్చి ఆదాయాలను వాళ్లకు కట్టబెట్టిన రోజుల్లో పుట్టిన మాట అది. 1692లో పన్నెండవ ఇన్నొసెంట్ అనే పోపు శాసనం చేసి ఆ అలవాటును నిషేధించాడు. మేనల్లుడిని చేరదీయాలన్న కోరికలో ఆ పోపుల తప్పేమీ లేదనీ, తమది కాని సొమ్మును అతనికి పెట్టడంలోనే తప్పంతా ఉందనీ నా అభిప్రాయం. కాబట్టి ఈ పద్ధతిలో మొదటి మెట్టు ఒక ప్రశ్న.

సొమ్ము ఎవరిది?

మీరు ఇవ్వబోయే జీతం ఎవరి జేబులోంచి వెళ్తుందో ముందుగా తేల్చుకోవాలి. సొంత దుకాణమైతే నిర్ణయం మీదే; తప్పు జరిగితే నష్టం కూడా మీదే. భాగస్తులు ఉన్న వ్యాపారమైతే, బంధువు పేరు, పని, జీతం ఒక కాగితం మీద రాసి, మిగిలిన భాగస్తుల సంతకాలు తీసుకున్న తరువాతనే రమ్మనాలి. కంపెనీగా నమోదైన సంస్థల విషయంలో 2013 నాటి కంపెనీల చట్టం ఇదే మాటను మరింత గట్టిగా చెబుతుంది: డైరెక్టరు బంధువుకు నెలకు 2.5 లక్షల రూపాయలకు మించిన జీతంతో పదవి ఇవ్వాలంటే 188వ సెక్షన్, దాని కింది నిబంధనల ప్రకారం వాటాదారుల ఆమోదం ఉండాలి. చిన్న సంస్థల్లో జీతాలు అంత ఉండవు గానీ, ఆ నియమం వెనుక ఉన్న ఆలోచన మాత్రం నలుగురు పనిచేసే దుకాణానికీ వర్తిస్తుంది.

ప్రజల సొమ్ముతో నడిచే చోట ఈ పద్ధతికి తావే లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాల విషయంలో వంశాన్ని కారణంగా చూపి ఎవరినీ తోసిపుచ్చరాదని స్పష్టంగా చెబుతోంది. ఆంధ్ర ప్రాంతంలో గ్రామ మునసబు, కరణం ఉద్యోగాలు 1895 నాటి మద్రాసు చట్టం కింద తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించేవి. ఒక మునసబు ఉద్యోగం మీద వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో ఆ వారసత్వ నియమం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ వ్యవస్థనే రద్దు చేసింది. ఊరి పొలాల సరిహద్దులు, చెరువు కింది వంతులు, ఎవరి తాత ఎవరికి ఎంత అమ్మాడన్న వివరాలు ఆ ఇళ్లలో తరతరాలుగా నిలిచి ఉన్న మాట నిజమే, ఆ జ్ఞానం చిన్నదేమీ కాదు. కానీ దస్త్రం ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, దానిని చూపించమని అడిగే ధైర్యం ఊళ్లో మిగిలినవాళ్లకు లేకపోయింది. ఒకే వారసత్వం ఒక చోట జ్ఞానంగా, మరొక చోట పెత్తనంగా ఎలా మారుతుందో చూడదలచినవారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఉద్యోగంలో ఉండగా మరణించినవారి కుటుంబానికి ఇచ్చే కారుణ్య నియామకం వేరే సంగతి. ఆ ఇంటికి హఠాత్తుగా వచ్చిపడిన ఆపదను తీర్చడమే దాని ఉద్దేశమని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. సింగరేణి గనుల్లో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసినప్పుడు కార్మిక కుటుంబాలు ఎంత ఆందోళన పడ్డాయో తెలిసినదే. ఆ తరువాత, వైద్య కారణాల వల్ల పనికి అనర్హులైన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాల రూపంలో దారి ఏర్పడింది. ఇక్కడ చూసేది ఆ కుటుంబం పడ్డ కష్టాన్ని. చుట్టరికం ఆ కష్టానికి ఆనవాలు మాత్రమే.

బంధుత్వం వల్ల నిజంగా వచ్చేది

సొమ్ము మీదేనని తేలిన తరువాత, బంధువు నుంచి ఏమి ఆశించవచ్చో తెలిసి ఉండాలి. మొదటిది పరిచయం. బయటి మనిషిని అరగంట మాట్లాడి తీసుకుంటాం. మేనల్లుడినైతే పదిహేనేళ్లుగా చూస్తున్నాం. పెళ్లిళ్లలో వడ్డనకు ముందుంటాడా, పని చెప్పగానే మాయమవుతాడా, ఇచ్చిన చిల్లర లెక్క చెబుతాడా అన్నది మనకు ముందే తెలుసు. రెండవది బాధ్యత. బంధువు తప్పు చేసి ఎక్కడికీ పోలేడు, ఎందుకంటే వాళ్ల అమ్మకూ మీ అమ్మకూ మధ్య రాకపోకలు ఆగవు. గల్లాపెట్టె దగ్గరా, అరువు వసూలుకు పొరుగూళ్లకు పంపేటప్పుడూ వ్యాపారులు మన అనే మనిషినే కోరుకోవడానికి కారణం అదే. మూడవది ఓపిక, అది రెండు వైపులా ఉంటుంది. నేర్చుకునేవాడు మొదటి రెండేళ్లు తక్కువ జీతానికి సర్దుకుంటాడు, నేర్పేవాడు దాపరికం లేకుండా నేర్పుతాడు. సరుకు ఎక్కడ కొనాలి, ఏ మిల్లు బట్ట ఉతికితే రంగు దిగుతుంది, ఏ ఖాతాదారు దీపావళికి తప్పక బాకీ తీరుస్తాడు అన్న విషయాలు రేపు పోటీకి రాగల గుమాస్తాకు ఏ యజమానీ పూర్తిగా చెప్పడు.

చేతిపనుల్లో ఈ మూడవ లాభం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పోచంపల్లిలో ఇక్కత్ నేసే ఇళ్లలో ఆసు పోయడం (మేకుల చుట్టూ దారం చుట్టి సిద్ధం చేయడం), చిటికీ కట్టడం (రంగు అంటకూడని చోట దారానికి ముడులు వేయడం), రంగులద్దడం, మగ్గం మీద కూర్చోవడం అన్నీ ఇంటిల్లిపాదీ పంచుకునే పనులు. పిల్లలు చూస్తూనే సగం నేర్చుకుంటారు. ఆసు పోయడంలో ఒక చీరకు వేలసార్లు చేయి ఆడించవలసి వచ్చి తల్లి పడుతున్న భుజం నొప్పిని చూడలేక, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఏళ్లపాటు శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. జీతానికి వచ్చిన ఇంజనీరుకు ఆ నొప్పి ఒక సమస్యగా కనిపించేదేమో. ఆయనకు మాత్రం అది రోజూ కళ్ల ముందున్న అమ్మ బాధ.

సమాజం వైపు నుంచి చూసినా ఇదే తీరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు భివండీ, సూరత్, షోలాపూర్ పట్టణాలకు వలస వెళ్లిన రోజుల్లో వాళ్లకు ఉపాధి కార్యాలయం బావమరిదే. ముందు వెళ్లినవాడు గదిలో చోటిచ్చి, మరమగ్గం మీద పక్కన నిలబెట్టుకుని పని నేర్పి, సేఠ్ దగ్గర మాట చెప్పాడు. గల్ఫ్‌కు వెళ్లిన కోస్తా, తెలంగాణ జిల్లాల వారిలోనూ ఏజెంటును కాక చుట్టాన్ని నమ్ముకుని, అప్పులపాలు కాకుండా బయటపడినవారు ఉన్నారు. ఏ ఆసరా లేని పేదకు బంధుప్రీతి ఒక్కటే పెట్టుబడి అన్న సంగతిని దీన్ని నిందించేవారు తరచు మరచిపోతారు.

అయితే తలుపు మూసి ఉంచినంత కాలం కుటుంబ విద్యకు ఒక హద్దు ఉంటుంది. కూచిపూడి నాట్యాన్ని కొన్ని కుటుంబాలు శతాబ్దాలపాటు కాపాడాయి; వాళ్లు లేకపోతే మనకు ఆ కళే మిగిలేది కాదు. కానీ ఆడవారి పాత్రలు కూడా మగవారే ధరిస్తూ ఆ కుటుంబాలకే పరిమితమైన నాట్యం, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఇతర కుటుంబాల ఆడపిల్లలకు నేర్పడంతో ప్రపంచమంతా పాకింది. మీ దుకాణంలోనూ బంధువుతోపాటు బయటివారికి ఎదిగే దారి తెరిచి ఉంచాలనడానికి నాకు గుర్తొచ్చే ఉదాహరణ ఇదే.

ఔనని చెప్పేముందు

కబురు తెచ్చిన పెద్దలకు అప్పటికప్పుడు మాట ఇవ్వవద్దు. "పిల్లవాడిని ఒకసారి పంపించండి, మాట్లాడి చెబుతాను" అంటే ఎవరూ తప్పు పట్టరు. అతను వచ్చినప్పుడు వాళ్ల నాన్న కోరికను పక్కన పెట్టి అతని కోరిక ఏమిటో అడగాలి. పోలీసు ఉద్యోగం కోసం పరిగెత్తాలని ఉన్నవాడిని బట్టల కొట్లో కూర్చోబెడితే, ఏడాది తిరగకముందే ఇద్దరి కాలమూ వృథా అవుతుంది. ఆపైన పని ఉందా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోవాలి. ఖాళీ లేని చోట బంధువు కోసం ఖాళీ పుట్టిస్తే అతనికి పని ఉండదు, పని లేనివాడికి గౌరవం ఉండదు. నిజంగా అవసరంలో ఉన్న కుటుంబానికి, మీ దగ్గర పని లేకపోతే, కొంత సొమ్మును సాయంగానే ఇవ్వడం అన్నివిధాలా మంచిది.

ఎంపికలో కొడుకుల దగ్గరే ఆగిపోకండి. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది; దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 వరకు పట్టింది. ఆస్తిలో భాగం ఇచ్చినవాళ్లం వ్యాపారం నేర్పడానికి ఎందుకు వెనుకాడుతున్నామో నాకు అర్థం కాదు. చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వెళ్లి 1983లో చెన్నైలో అపోలో ఆసుపత్రిని ప్రారంభించిన ప్రతాప్ సి. రెడ్డి, దాని నిర్వహణలోకి తన నలుగురు కూతుళ్లనూ తీసుకున్నారు. కోడలు లెక్కల్లో దిట్ట అయినా, ఆమెను వదిలి పద్దు రాయడం రాని తమ్ముడిని కూర్చోబెట్టిన దుకాణాలను నేను ఒకటికి మించి చూశాను. అల్లుడి విషయమూ అంతే. ఇల్లరికం అంటే మనవాళ్లు కొంత చులకనగా మాట్లాడతారు గానీ, జపాన్‌లో వ్యాపార కుటుంబాలు సమర్థుడైన అల్లుడిని దత్తత తీసుకుని ఇంటిపేరు కూడా ఇస్తాయి. మారుతి కార్లు మన రోడ్ల మీదికి రావడానికి కారకుల్లో ఒకరైన ఒసాము సుజుకి అలా వచ్చినవారే. ఆయన 1958లో సంస్థలో చేరి, ఇరవై ఏళ్ల తరువాత 1978లో దానికి అధ్యక్షుడయ్యారు. ఆ ఇరవై ఏళ్ల వ్యవధిని గమనించండి.

మొదటి ఏడాది

మొదటి రోజే గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టడం మన వ్యాపారుల్లో సర్వసాధారణమైన పొరపాటు. నేను లెక్కలు రాసిన ఒక దుకాణంలో యజమాని తన మేనల్లుడిని ఏడాదిపాటు తానులు విప్పి మడతపెట్టే పనిలోనే ఉంచాడు, అదీ తన దగ్గర కాదు, పాత గుమాస్తా చేతికింద. ఇంట్లో ఆడవాళ్లు బాధపడ్డారు, అక్క రెండు పండుగలకు పుట్టింటికి రాలేదు. కానీ ఆ కుర్రవాడికి వేలితో తాకి బట్ట నాణ్యత చెప్పడం వచ్చింది, పనివాళ్లు ఏ వేళకు అలసిపోతారో తెలిసింది. తరువాత కౌంటరు మీదికి, అక్కడి నుంచి కొనుగోలుకు, ఆఖరున నగదు దగ్గరికి వచ్చాడు. ఎవరూ అతన్ని యజమాని మేనల్లుడన్న హోదాలో దించలేదు గనుక, పైకి వచ్చినప్పుడు అసూయపడ్డవారూ లేరు.

చేతికింద పెట్టిన గుమాస్తాకు, తప్పు చేస్తే మందలించే అధికారం మీరు అందరి ముందూ ఇవ్వాలి. ఇచ్చాక మధ్యలో కలుగజేసుకోకూడదు. దుకాణంలో "బాబాయ్", "మావయ్య" అన్న పిలుపులు మానమని నేను చెప్పను, అవి మన నోట సహజంగా వచ్చేవి. కానీ సెలవు కావాలంటే అతను పిన్నిని కాక ఆ గుమాస్తానే అడగాలి. వంటింటి గుండా వచ్చే సిఫారసులకు ఒక్కసారి తలుపు తీస్తే మళ్లీ మూయడం కష్టం.

మిగిలిన పనివాళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే బంధుప్రీతి వల్ల మొదట గాయపడేది వాళ్లే. పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషికి రావలసిన హోదాను నిన్న వచ్చిన చుట్టానికి ఇస్తే, ఆయన నోరు తెరిచి ఏమీ అనడు. కానీ ఖాతాదారుతో మాట్లాడే తీరు మారిపోతుంది, ఏదో ఒక రోజు పక్క దుకాణంలో కనిపిస్తాడు. బంధువు వస్తున్న సంగతి, అతని పని, జీతం ముందుగా వాళ్లకే చెప్పండి. వాళ్ల పిల్లలకు పని కావలసి వచ్చినప్పుడు కూడా ఇదే అవకాశం ఇవ్వండి. గుమాస్తా కొడుకు, డ్రైవరు చెల్లెలు కూడా ఎవరికో ఒకరికి మన అనే మనుషులే కదా.

జీతం పద్దులో రాయాలి

నేను అన్నింటికంటే ఎక్కువగా పట్టుబట్టేది ఈ విషయం మీదనే. ఒక దుకాణంలో యజమాని తన బావమరిదిని తీసుకొచ్చి, "ఇంట్లో మనిషికి జీతమేమిటి, కావలసినప్పుడు తీసుకో" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, సందేహం లేదు. ఆరేళ్లపాటు భోజనం, బట్టలు, పండుగ ఖర్చులు, పెళ్లి ఖర్చు కూడా దుకాణం నుంచే వెళ్లాయి. ఏడవ ఏట వేరు దుకాణం పెట్టుకుంటానని బావమరిది అడిగిన రోజున, ఆరేళ్ల చాకిరీకి తనకు భాగం రావాలని అతని లెక్క. ఆరేళ్లు పోషించాను, పెళ్లి చేశాను అని బావ లెక్క. చిట్టాలో ఎవరి పేరుమీదా ఒక్క పద్దు లేదు. నిజానికి ఇద్దరూ నిజాయితీపరులే. లెక్కలు రాసే నేను ఆనాడే పట్టుబట్టి ఒక ఖాతా తెరిపించి ఉంటే, ఆ రెండు ఇళ్ల మధ్య మాటలు నిలిచి ఉండేవి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుచేత, అదే పనికి బయటివారికి ఎంత ఇస్తారో అంతే బంధువుకూ నిర్ణయించి, నెలనెలా బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఉదాహరణకు 15,000 రూపాయలు ఆ పనికి మామూలు జీతమైతే 15,000 రాయండి. మీ ఇంట్లో భోజనం, వసతి ఉంటే దానికి ఎంత తగ్గించేదీ ముందే మాట్లాడుకోండి. ప్రేమతో అదనంగా ఏమైనా ఇవ్వాలనిపిస్తే మీ సొంత ఖాతా నుంచి ఇవ్వండి, దుకాణం ఖాతా నుంచి వద్దు. జీతంలో కొంత, ఇద్దరి అంగీకారంతో, అతని పేరుమీదే బ్యాంకులో దాచే ఏర్పాటు చేస్తే నాలుగైదేళ్లకు సొంత వ్యాపారానికి పునాది అవుతుంది.

పన్ను కోణం నుంచి కూడా ఇదే క్షేమం. బంధువుకు మార్కెట్ కంటే బాగా ఎక్కువ జీతం చూపిస్తే, ఆ అదనపు భాగాన్ని ఖర్చుగా ఒప్పుకోకపోవడానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 40ఎ సెక్షన్ అధికారికి అధికారం ఇచ్చింది. భార్యకో భర్తకో, తనకు గణనీయమైన వాటా ఉన్న సంస్థ నుంచి జీతం ఇప్పించినప్పుడు, అది వృత్తిపరమైన, సాంకేతికమైన అర్హత, అనుభవం వల్లనే వచ్చిన జీతం కాకపోతే, ఇచ్చినవారి ఆదాయంలోనే కలిపేందుకు అదే చట్టంలోని 64వ సెక్షన్ వీలు కల్పించింది. 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి కాబట్టి మీ ఆడిటరును అడిగి సరిచూసుకోండి. హాజరు పట్టీ, నియామక పత్రం, చేసిన పనికి ఆధారాలు మిగిలిన ఉద్యోగులకు ఎలా ఉంచుతారో బంధువుకూ అలాగే ఉంచాలి.

గడువు, వీడ్కోలు

చేర్చుకునే రోజునే ఒక గడువు చెప్పండి. ఏడాది తరువాత ఫలానా నెలలో కూర్చుని మాట్లాడుకుందాం, పని ఇద్దరికీ నచ్చితే కొనసాగిద్దాం, లేకపోతే మరో దారి చూద్దాం అన్న మాట అతని తల్లిదండ్రుల ఎదుటే అనాలి. ఆనాడు పలికిన ఆ రెండు వాక్యాలు తరువాత ఎన్నో తగాదాలను ఆపుతాయి. ఏడాది మధ్యలో తప్పులు కనబడితే దాచిపెట్టి పండుగనాడు బయటపెట్టవద్దు. అప్పటికప్పుడు, దుకాణంలోనే, మూడో మనిషి లేనప్పుడు చెప్పండి. నగదులో తేడా వస్తే మాత్రం బయటివాడి విషయంలో ఏమి చేస్తారో అదే చేయండి, దానికి మినహాయింపు లేదు.

పంపించవలసి వస్తే, ముందుగా మీరే ఊరు వెళ్లి అతని తల్లిదండ్రులతో మాట్లాడి రండి. ఫోనులో చెప్పే విషయం కాదిది. వాడు పనికిరాడు అన్న మాట నోట రానీయకుండా, ఈ పని అతనికి సరిపడలేదని చెప్పండి, చాలాసార్లు నిజం కూడా అదే. రావలసిన జీతం, దాచిన సొమ్ము లెక్క కట్టి కాగితం మీద చూపించి, అతని చేతికే ఇవ్వండి. అతనికి తగిన పని మీ పరిచయస్తుల దగ్గర ఉంటే చూపించండి, కానీ అతనిలోని లోపాన్ని ఆ పరిచయస్తుడి దగ్గర దాచవద్దు. ఆ తరువాత వచ్చే మొదటి శుభకార్యానికి కుటుంబంతో సహా వాళ్లింటికి వెళ్లండి, ముందు వరుసలో కూర్చోండి, భోజనం చేసి రండి.